మూలింటివాళ్ల పరుపు

మళ్లీ తడిసింది.

దుప్పటి ఎత్తి చూడక్కర్లేకుండానే, గదిలోకి అడుగు పెట్టగానే తెలిసిపోయింది చిట్టికి. నలభై నాలుగేళ్లు నెత్తి మీదికొచ్చినా, కణతల దగ్గర జుట్టు తెల్లబడినా, ఆ ఇంట్లో ఆమె ఇంకా చిట్టే. గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇవాళే తడవాలా... వారంలో మిగతా ఆరు రోజులూ ఏమయ్యాయి? పది గంటలకి అన్నయ్య వస్తున్నాడు. ఇప్పుడు ఏడయింది. బయట చూస్తే ముసురు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పరుపు మీది ఆ తడిసిన మెత్త ఆరాలంటే ఎంత తక్కువ వేసుకున్నా రెండు రోజులు పడుతుంది.

మంచం మీద అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలో లేదు. నిద్రపోయే మనిషి భుజాలు అంత బిగుసుకుని ఉండవు.

"అమ్మా, లేద్దామా?"

అమ్మ ఇటు తిరిగి దుప్పటి వంక చూసింది. మూడు వారాలుగా అంటున్న మాటే అంది. "ఎవరిదే ఇది? మూలింటివాళ్లదేనా? ఎప్పటికిస్తామన్నాం?"

ఏ మూలిల్లు... ఏ ఇవ్వడం! వీధి చివర ఆ మూలింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లి ఎనిమిదేళ్లయింది. ఈ ముందుగదిలో ముప్ఫై ఏళ్లు నడిచిన లాండ్రీ మూతపడి ఆరేళ్లయింది. ఇస్త్రీ బల్ల ఉన్నచోట ఇప్పుడు అమ్మ మంచం ఉంది. నిరుడు తుంటి ఎముక విరిగినప్పటి నుంచీ అమ్మ లోకమంతా ఆ మంచమే.

ఆ మెత్త అన్నయ్య కొన్నదే. పరుపు మీద పరిచే మరో పలుచని పరుపు, టాపర్ అంటారట. మూడంగుళాల మందాన నురగలా ఉంటుంది, పైన తెల్లటి గుడ్డ తొడుగు కుట్టేసి ఉంటుంది. పడుకుంటే ఒళ్లు ఒరుసుకుపోదని చెప్పి తెచ్చాడు. దాంతో పాటు ఒక కాగితం వచ్చింది. మెషీన్లో వేయకూడదు, పిండకూడదు, ఎండలో పెట్టకూడదు, వేడి తగలకూడదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, "ఇన్ని కూడదులు పెట్టే ఇంటికి పిల్లనిస్తామా?" అంది. అని, చిట్టి మొహం చూసి నాలుక కరుచుకుంది.

ఎందుకంటే ఇచ్చింది. అలాంటి ఇంటికే ఇచ్చింది. ఆరేళ్లు కాపురం చేసి, ఒకరోజు పొద్దున్నే ఒక్క పెట్టెతో ఈ గుమ్మం ముందు వచ్చి నిలబడింది చిట్టి. ఏమైంది, ఎందుకొచ్చావు, మళ్లీ ఎప్పుడు వెళ్తావు... అమ్మ ఒక్కటంటే ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పెట్టె తెరిచి బట్టలన్నీ తీసి తొట్టిలో నానేసింది. రవిక చేతి మీద రక్తపు మరక చూసి, "చన్నీళ్లలో పెడితే పోతుందే" అంది, అంతే. కొట్లో పనిచేసేవాళ్లకి ఆమె చెప్పే మొదటి పాఠం అదే. మరకని చూడాలి గానీ, ఎలా అయిందని మనిషిని అడక్కూడదు.

అలాంటి అమ్మకి మతి పోతోందని చిట్టి ఏడ్చింది. ఏడ్చి ఊరుకోకుండా ఫోన్ చేసి అన్నయ్యకి చెప్పింది. "మాటిమాటికీ పక్క తడుపుకుంటోంది అన్నయ్యా... అది తనదని కూడా తెలియట్లేదు. మూలింటివాళ్లదంటోంది." ఆ ఒక్క మాటతో కథ నడిచిపోయింది. అన్నయ్య ఊరి చివర వృద్ధుల హోమ్‌లో పేరు రాయించాడు. అక్కడ మంచం ఖాళీ అయిందట. ఇవాళ వచ్చి చూసి, బుధవారం తీసుకెళ్తాడు.

చిట్టి అమ్మని లేపి, ఒళ్లు తుడిచి, పొడి చీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. దుప్పట్లు బకెట్లో పడేసి, మెత్తని మంచం మీదే పెట్టి పొడి తువ్వాలు అద్దడం మొదలుపెట్టింది.

"రుద్దకు. రుద్దితే లోపలికి దిగుతుంది. అరచేత్తో నొక్కు," అంది అమ్మ కుర్చీలోంచి.

"నొక్కుతున్నానమ్మా."

"అది నొక్కడమా? పిల్లి పాకినట్టుంది. మోకాలు పెట్టు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ! అయినా చిట్టి మోకాలు పెట్టింది. నాలుగు తువ్వాళ్లు తడిసి ముద్దయ్యాయి. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి చిలకరించి, మళ్లీ అద్ది, వంటసోడా పలచగా చల్లింది. సోడా రాత్రంతా ఉంచాలి. ఇవాళ గంటకి మించి ఉంచే వీల్లేదు. మెత్త మీద ఒక రబ్బరు షీటు వేస్తే ఈ బాధే ఉండదు గానీ, ఆ మాటెత్తితే అమ్మ, "అవి పసిపిల్లలకి వేస్తారే" అని మొహం తిప్పేసుకుంటుంది.

"దండెం మీద వెయ్యకేం. మొదటిసారి చేసిన నిర్వాకం చాలు."

నిజమే. మొదటిసారి తెలియక దండెం మీద వేస్తే నీళ్ల బరువుకి తొడుగు మూల జానెడు చిరిగింది. అప్పుడు అమ్మే సూదీ దారం అడిగి, వణికే చేతులతో ఆ చిరుగు కుట్టింది. చిట్టి రెండు కుర్చీలు దగ్గరగా లాగి, మెత్తని పొడుగు అంచు మీద నిలబెట్టి ఫ్యాను తిప్పింది. నిలబెట్టేటప్పుడు ఆ కుట్టిన మూల ఆమె చేతికొచ్చింది.

తెల్లటి కుట్ల చివర, తొడుగు లోపలి మడతలో, ఎర్రదారంతో ఏదో ఉంది. మడత విప్పి చూసింది. ఒక చుక్క, దాని కింద చిన్న గీత.

లాండ్రీలో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉండేది. డాక్టరుగారికి రెండు గీతలు, మూలింటివాళ్లకి కత్తెర గుర్తు. ఎర్రదారంతో గుర్తు కుట్టకుండా ఒక్క చేతిరుమాలు కూడా అమ్మ నీళ్లలో పడనిచ్చేది కాదు. ముప్ఫై ఏళ్లలో ఒకరి గుడ్డ మీద ఇంకొకరి గుర్తు పడిన పాపాన పోలేదు. ఈ చుక్కా గీతా మూలింటివాళ్లవి కావు. ఈ ఇంటివి.

అంటే అమ్మకి తెలుసు! మొదటిరోజు నుంచీ తెలుసు. మతి ఎక్కడికీ పోలేదు... సిగ్గుతో చచ్చిపోతూ, కూతురి ఎదుట తలెత్తలేక, ఎవరిదో మరక అని చెప్పుకుంది. నోటితో అబద్ధం ఆడగలిగింది గానీ, సూదితో ఆడలేకపోయింది.

వెనక్కి తిరిగి చూసింది. అమ్మ కిటికీలోంచి వాన చూస్తోంది. ఎంత పని చేశాను తల్లీ... నా నోటితో నేనే నిన్ను పిచ్చిదాన్ని చేసి పంపించేస్తున్నానే అనుకుంది చిట్టి.

అంతలో గుమ్మం ముందు స్కూటరు ఆగింది.

అన్నయ్య బస్సు డిపోలో ఫోర్‌మన్. పాతికేళ్లు ఇంజన్ల మధ్య బతికినవాడికి గుసగుస అంటే తెలీదు. పక్కకి పిలిచి చెబుదామంటే ఇల్లంతా కలిపి గదిన్నర. చెప్పినా ఊరుకునే రకం కాదు, నేరుగా వెళ్లి, "ఏమ్మా, తెలిసే నాటకాలాడుతున్నావా?" అని అడిగేస్తాడు. కన్నకొడుకు నోటి వెంట ఆ మాట వింటే అమ్మ మళ్లీ తలెత్తుతుందా? చెప్పకపోతే బుధవారం ఈ గది ఖాళీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిట్టి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

అన్నయ్య రెయిన్‌కోటు విప్పుతూనే ఫ్యాను కింద నిలబడ్డ మెత్తని చూశాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఇవాళ కూడానా?"

చిట్టి కంటే ముందు అమ్మే అంది. "అది కొట్టు పనిరా. మూలింటివాళ్లది. నువ్వు కూర్చో."

అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "విన్నావుగా. ఇంకెన్నాళ్లు మోస్తావే? నీ చేతులు చూసుకో, సోడాకి ఎలా పగిలిపోయాయో. అక్కడైతే నర్సులుంటారు, మెషీన్లుంటాయి. నేను మాత్రం సంతోషంగా పంపిస్తున్నానా?" అన్నాడు.

"ఎక్కడికిరా?" అంది అమ్మ.

అమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. అర్థమైంది. ఒళ్లో చీర కుచ్చిళ్లు సవరించుకుంది. నాకు మతి బాగానే ఉందిరా అనొచ్చు, ఆ ఒక్క మాట చాలు. ఆ మాటంటే, మరి ఇది ఎవరిదమ్మా అన్న ప్రశ్న వస్తుంది. అమ్మ నోరు తెరిచి... మూసుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నట్టు, కళ్లు దించుకుని కూర్చుంది.

చిట్టి ఇక చూస్తూ ఊరుకోలేకపోయింది. "అన్నయ్యా," అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒక చెయ్యి వెయ్యి. ఇటువైపు గాలి తగిలింది, అటు తిప్పాలి. ఆ మూల పట్టుకో, చిరుగుంది, జాగ్రత్త."

అన్నయ్య విసుగ్గానే పట్టుకున్నాడు. బడికెళ్లే రోజుల్లో ఉతికిన బట్టలు ఇళ్లవారీగా విడదీసే పని అతనిది. కరెంటు పోయినా ఆపేవాడు కాదు, వేళ్లతో తడిమి ఏ ఇంటిదో చెప్పేవాడు. మెత్త తిప్పుతుంటే అతని బొటనవేలు అలవాటుగా మడతలోకి వెళ్లింది. తడిమింది. ఆగింది. మళ్లీ తడిమింది.

అన్నయ్య మడత విప్పి చూడలేదు. చిట్టి వంక చూశాడు. చిట్టి అవునన్నట్టు కళ్లు మూసి తెరిచింది. ఆమె చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి.

అన్నయ్య వెళ్లి అమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పెద్ద గొంతుని ఎక్కడ దాచాడో, పసిపిల్లవాడిలా అడిగాడు. "అమ్మా... మూలింటివాళ్లది ఎప్పటికి ఇవ్వాలి?"

అమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసి, "రెండు రోజులు పడుతుందిరా. వానగా ఉంది. తొందరపెడతారేమో," అంది.

"పెట్టరు. నేను చెప్తాను వాళ్లకి."

బుధవారం మాట మళ్లీ ఎత్తలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెల్లెలి పగిలిన చేతులు పట్టుకుని, "ఇంకో మెత్త పంపిస్తాను, మార్చి మార్చి వేసుకుందువుగాని," అన్నాడు. అంతకంటే అతనేం చేస్తాడు, ఎవరు మాత్రం ఏం చేస్తారు... వయసుని ఆపే మందు ఏ కొట్లోనూ దొరకదు కదా.

మర్నాడు పొద్దున్న గదిలోకి అడుగు పెట్టగానే తెలిసిపోయింది చిట్టికి. మెత్త ఇంకా ఆరలేదు కాబట్టి ఈసారి కింది పరుపే తడిసింది. అమ్మ గోడవైపు తిరిగి ఉంది. చిట్టి తువ్వాళ్లు తెచ్చి, మంచం అంచున కూర్చుని, ఆ బిగుసుకున్న భుజం మీద చెయ్యి వేసింది.

"మూలింటివాళ్లదేనా అమ్మా?"

అమ్మ గోడతో చెప్పినట్టు మెల్లగా అంది. "ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉందే, పాపం. కావాలని చెయ్యట్లేదు... ఆవిడనేం అనకు."

"అననమ్మా," అంది చిట్టి. అమ్మని ఇటు తిప్పి, మోకాలు పెట్టి, రుద్దకుండా నొక్కడం మొదలుపెట్టింది.