నాలుగో పటం

"అరుగు మీద చెయ్యి పడితే ఊరుకోను. మీ నాన్న కట్టిందిరా అది!" అని ఆదెమ్మ మూడోరోజు కూడా అదే మాట ఎత్తుకుంది.

"అది తీస్తేనే తలుపు తెరుచుకుంటుందమ్మా. ఎదురింటి గోడ మీదికి వచ్చేస్తోంది," అన్నాడు కొడుకు మాచన. అతను వీధులకు కొలతలు వేసే స్థపతి.

"అయితే వాళ్లనే వెనక్కి జరగమను!"

ఆ ఇంట్లోనే కాదు పిల్లలూ, వేములకోట అంతా అదే పోట్లాట. ఏదో శాపం తగిలి వీధులు రోజుకో జానెడు ఇరుకవుతున్నాయి. ఇంకో పది రోజులైతే ఎవరూ గుమ్మం దాటలేరు. అడవిలోని మూడు పాడుబడ్డ నగరాల పటాలు గీసి, అక్కడి రాకాసి అడిగినదానికి జవాబు చెబితే శాపం పోతుందట. వెళ్లిన ఇద్దరు వీరులు తిరిగి రాలేదు. మాచన కూతురు పైడమ్మ తాడూ, బొగ్గూ, నాలుగు పలుచని గుడ్డలూ మూటగట్టుకుని బయల్దేరింది.

మొదటి నగరం చదరంగం బల్లలా ఉంది. మూలమూలనా రాతి సింహాలు తరిమాయి. వీధులు తిన్నగా ఉండబట్టి అవి దూరం నుంచే కనిపించాయి, తప్పించుకుంది. రెండోది గుండ్రంగా, వలయం లోపల వలయం. "ఎటు తిరిగినా రాజుగారి వాకిట్లోకే వస్తావే, పిచ్చిమొహమా!" అని ఒక కాకి వెక్కిరించింది. ఆమె నడిచిన దారికి గుర్తుగా తాడు కట్టుకుంటూ బయటపడింది. కొండమీది మూడో నగరం చిక్కుపడ్డ దారం. గోడలు రాళ్లు విసిరాయి. నెత్తురు కారుతున్నా అడుగులతో కొలిచి, దాన్నీ మూడో గుడ్డమీద గీసింది.

ఎండిన బావి గట్టున రాకాసి కూర్చుని ఉంది. "మూడింట్లో ఏది గొప్పది? మొదటిదన్నవాణ్ణీ, రెండోదన్నవాణ్ణీ నమిలేశాను. చెప్పు!"

పైడమ్మ మూడు గుడ్డలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఎండకు పట్టింది. గీతలు ఎక్కడా కలవలేదు, ఒక్కచోట తప్ప.

"గొప్పదేదో నాకు తెలీదు. కానీ మూడు ఊళ్లవాళ్లూ నీళ్లు పల్లానికి పోయే దారిలో ఇల్లు కట్టలేదు."

"మీ ఊరు గియ్యి."

నాలుగో గుడ్డమీద బొగ్గు మధ్యలో ఆగిపోయింది. నీళ్ల దారికి అడ్డంగా ఉన్నది తమ ఇల్లే.

"ఆ నీళ్లు నేనే," అంది రాకాసి. "మీ తాత నా దారి పూడ్చాడు. ఇరుకంటే ఏమిటో మీకూ తెలియాలిగా!"

"ఇల్లు తీసేస్తాం."

"నీ మాట చాలదు. ఆ ఇంటి పెద్ద తనంతట తాను ఒప్పుకోవాలి."

పైడమ్మ వీధిలో పక్కకు తిరిగి, వీపు గోడకు రాసుకుంటూ ఇల్లు చేరింది. పటాలు చూడగానే ఆదెమ్మ మండిపడింది. "నా కొంప కూల్చడానికా అడవులు పట్టుకు తిరిగావు?"

"నాయనమ్మా, వంటింటి మూల ఎందుకు ఆరదో ఎప్పుడైనా అడిగావా?"

ఆదెమ్మ వంటింటి వైపు చూసింది. నలభై ఏళ్లుగా ఆ మూల తను బూడిద చల్లుతూనే ఉంది, గోనెసంచులు పరుస్తూనే ఉంది. లేచి వెళ్లి, సంచి తొలగించి, చెమ్మలో కాలు పెట్టి చూసింది. తర్వాత బొడ్లోంచి తాళాలగుత్తి తీసి కొడుకు చేతిలో పెట్టింది.

బయట ఎదురింటి గోడ గరగరమంటూ జానెడు వెనక్కి జరిగింది.

"అందరూ వినండి," అంది ఆదెమ్మ మెల్లగా. "రేపు ఇల్లు విప్పుతున్నాం. ముందు అరుగే తీయండి."