గూట్లోకి పా

కుక్కగూటి లోపల వెనక మూలన జొన్నరొట్టె ముక్క పెట్టి అశ్వర్థమ్మ వెనక్కి జరిగి కూర్చుంది. శిక్షణలో ఇంకా నాలుగో రోజే కాబట్టి తలుపు ముట్టుకోకూడదు. ఎర్రకుక్క మూతి లోపలికి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. చివరికి ముందుకాళ్ళు గూట్లో, వెనకకాళ్ళు బయట ఉంచి, మెడ సాచి రొట్టె అందుకుంది. ఆమె చెవికి తగిలించుకున్న సాక్షి యంత్రం, అర్ధప్రవేశం, బలప్రయోగం లేదు అని నమోదు చేసుకుంది.

ఆ కుక్కను పెంచుకున్న ఇంటావిడ ఓపిక పట్టలేక దాన్ని వెనకనుంచి తోయబోయింది. అశ్వర్థమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కసారి తోస్తే నెల దాకా అది గూటివైపు చూడదని చెప్పింది. రేపటినుంచి తిండీ నీళ్ళూ లోపలే పెట్టాలి. ఉతకని పాత చీరొకటి అడుగున పరవాలి. తప్పు చేసిందని కోప్పడి గూట్లోకి తరమకూడదు. తలుపు వెయ్యడం మొదలుపెట్టాక అది మూలిగినప్పుడు తియ్యకూడదు, మూలుగు ఆపినప్పుడు తియ్యాలి. అంతా విని ఇంటావిడ, చంపడానికి తీసుకుపోయేదానికి ఇంత మెత్తటి పరుపెందుకు అని అడిగింది. అశ్వర్థమ్మ దగ్గర దానికి తను పనిచేసే ప్రభుత్వ శాఖ అచ్చువేసి ఇచ్చిన జవాబుంది. అదే చెప్పి బయటికి వచ్చింది.

కుక్కతోక వంకర అని సామెత కట్టినవాడు అశ్వర్థమ్మను చూసి ఉండడు. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆమె మాట వినని కుక్క లేదు. ధర్మవరంలో మనుషులకు తలసరి నీళ్ళు కొలిచి పోసే కాలం వచ్చాక కుక్కకు ఆరేళ్ళ జీవవాటా ఖరారు చేశారు. ఆరేళ్ళు నిండిన కుక్కను విశ్రాంతిశాలకు అప్పజెప్పాలి. అక్కడినుంచి తిరిగొచ్చిన కుక్క ఇంతవరకు ఒక్కటీ లేదు. మొదట్లో ఉరితాళ్ళు వేసి ఈడ్చుకుపోతుంటే జనం తట్టుకోలేక బండ్లు తగలబెట్టారు. అప్పుడు చట్టం మారింది. ఏ ప్రాణినీ బలవంతాన తీసుకుపోరాదు, తనంతట తాను గూట్లోకి నడిస్తేనే తలుపు పడాలి, నడవకపోతే దాన్ని వదిలెయ్యాలి. దీనికి స్వయంప్రవేశం అని పేరుపెట్టి జనం చల్లబడ్డారు. ఆ వెంటనే శాఖ గూటి శిక్షకులను నియమించింది.

ఆఖరి రోజుకు అప్పగింత అని పేరు పెట్టిన మహానుభావుడెవరో తెలియదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు వాడుకునే మాటను తీసుకొచ్చి ఇక్కడ తగిలించాడు. ఏడవడానికి మాత్రం ఆ మాట బాగానే సరిపోయింది.

ఆ రోజు అప్పగింత ఆదెప్ప ఇంట్లో.

ఆదెప్ప నలభై ఏళ్ళు మరమగ్గాల మధ్య పనిచేశాడు. ఆ చప్పుడు ఆయన చెవులు రెండింటినీ తినేసింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో ఆయనా, తాసిల్దారూ. తాసిల్దారంటే కుక్కే. గడపలో అడ్డంగా కూర్చుని వచ్చినవాళ్ళ అర్జీలు చూసినట్టు చూస్తుందని వీధివాళ్ళు పెట్టిన పేరది. తలుపు తట్టినా, పొయ్యిమీద పాలు పొంగినా, నీళ్ళబండి గంట మోగినా అది వచ్చి ఆయన పంచె పట్టి లాగుతుంది. మనిషికి బదులు కుక్క వింటుందని చెప్పి దాని జీవవాటా పొడిగించమని ఆదెప్ప రెండుసార్లు రాసుకున్నాడు. చెవిలో పెట్టుకునే యంత్రం ఉచితంగా ఇస్తామని శాఖ జవాబిచ్చింది. ఆ యంత్రం వచ్చింది. ఎంత తిప్పినా ఆయన చెవికి అది గుయ్యిమనడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

అశ్వర్థమ్మ వెళ్ళేసరికి శాఖ బండి వీధి మొదట్లో ఆగి ఉంది. తాసిల్దారు ఆమెను చూసి తోకాడిస్తూ ఎదురొచ్చింది. నలభై రోజులుగా ఆమె వచ్చిందంటే రొట్టె వచ్చినట్టే. మొదట గూటిని చూసి వణికిన కుక్క, ఇప్పుడు మధ్యాహ్నం కునుకు కూడా అందులోనే తీస్తోంది. ఇంత తొందరగా నేర్చుకున్న కుక్కను ఆమె చూడలేదు. అందుకు మొదట్లో సంతోషించినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆదెప్ప ఉతికిన పంచె కట్టుకుని, కుక్కకు స్నానం చేయించి, నుదుట కుంకుమ పెట్టి ఉన్నాడు. తన రెండు రోజుల నీటివాటా దానికే పోశాడు. ఆమెను కూర్చోమన్నాడు. చాలా రోజులుగా ఒక సంగతి అడగాలనుకుంటున్నానని అన్నాడు.

"నువ్వు దానికి మాట చెప్పేటప్పుడు నాకు వీపు పెట్టి నిలబడతావు. నాకేమో చెవులు ల్యావు. ఇన్ని దినాల్నించి ఏం మాట చెప్తాండావమ్మా? పో అంటాండావా?"

ఆమె ఆయనకు ఎదురుగా తిరిగింది.

"లేదు పెద్దాయనా. పో అంటే ఏ కుక్కా పోదు. పా అంటాను."

ఆదెప్ప ఆ మాటను తన పెదవులతో ఒకసారి పలికి చూసుకున్నాడు.

"పా అంటే ఇద్దరూ కలిసి పోయేది గదమ్మా," అన్నాడు. "నువ్వు దాంతో యాడికి పోతాండావు?"

ఆయన నిష్ఠూరంగా అనలేదు. నిజంగా తెలియకే అడిగాడు. శాఖ అశ్వర్థమ్మకు అచ్చువేసి ఇచ్చిన ప్రశ్నల్లో ఇది లేదు.

ఇక చూడలేనని ఆదెప్ప గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సాక్షి చెవిలో సమయమైందని చెప్పింది. అశ్వర్థమ్మ గూటి పక్కన నిలబడింది. పదకొండేళ్ళలో వేలసార్లు అన్న మాట ఆ పూట అనలేదు. చెప్పకపోతే కుక్క కదలదు, కదలకపోతే శాఖవాళ్ళు ఏమీ చెయ్యలేరు అనుకుని నోరు మూసుకుంది.

తాసిల్దారు ఆమె ముఖంలోకి చూసింది. ఖాళీగా ఉన్న ఆమె చేతులు చూసింది. రొట్టె లేదు, మాట లేదు. అయినా లేచి, తోకాడిస్తూ, తనే గూట్లోకి నడిచింది. లోపల ఒకసారి చుట్టూ తిరిగి పడుకుంది. పడుకున్నాక కొంచెం పక్కకు జరిగి, ఆమెకు కూడా చోటిచ్చి, ఎదురుచూసింది.

అశ్వర్థమ్మకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"పూర్ణప్రవేశం. ఆజ్ఞ లేదు, బలప్రయోగం లేదు," అంది సాక్షి, నిమ్మకు నీరెత్తినట్టు. "ప్రాణి తనంతట తాను ప్రవేశించిందని ధ్రువీకరించండి."

గూటి తాళం ఆమె ఒక్క మాటకోసం ఆగి ఉంది.

"లేదు," అంది అశ్వర్థమ్మ.

సాక్షి ప్రశ్నను రెండోసారి అడిగింది.

"తనంతట తాను పోలేదు. నేనూ వస్తానని నమ్మి పోయింది. నేనే అట్లా నమ్మించినాను. అది ఇష్టం కాదు."

తాళం పడలేదు. సాక్షి, ఇదే పద్ధతిలో శిక్షణ పొంది, ఆమె ధ్రువీకరణతో అప్పగింత జరిగిన ప్రాణులు మూడువందల పదకొండు ఉన్నాయని, వాటి స్వయంప్రవేశం సంగతేమిటని అడిగింది.

ఆమె ఉద్యోగం అప్పటికే పోయినట్టే. ఈ జవాబుతో ఇంకేం పోతుందో ఆమెకు తెలియంది కాదు. మూడువందల పదకొండు ఇళ్ళవాళ్ళకు, మా కుక్క ఇష్టపడే పోయింది అన్న ఓదార్పు కూడా లేకుండా పోతుంది.

"అవీ అంతే," అంది.

అదే పుస్తకం చదువుకుని, అదే మాట నేర్పే శిక్షకులు రాష్ట్రంలో ఎందరున్నారో సాక్షికి తెలుసు. తనంతట తాను నడవని ప్రాణిని తీసుకుపోరాదన్న చట్టం ప్రకారం, విచారణ ముగిసేదాకా అన్ని అప్పగింతలూ ఆపివేయబడ్డాయని ప్రకటించింది. వీధి మొదట్లో బండి దీపం ఆరిపోయింది.

ఆదెప్పకు ఇవేవీ వినబడలేదు. గోడవైపే చూస్తూ, "పోయిందామ్మా?" అని అడిగాడు.

అశ్వర్థమ్మ ఆయనకు కనబడేటట్టు గోడకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడింది. లేదని చెప్పింది. పెదవులు వణుకుతుంటే ఆయనకు మాట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది.