నైన్త్ బీలో గోల

శశికిరణ్ మాస్టారి క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. అలాంటి మనిషి, పక్క గదిలోంచి నలభై గొంతులు ఒక్కసారి లేస్తే ఊరుకుంటాడా? చాక్‌పీసు బల్ల మీద పడేసి, విసవిసా నడిచి వెళ్ళి నైన్త్ బీ తలుపు తోశాడు.

పిల్లలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా తిరిగి కూర్చుని తెగ మాట్లాడుకుంటున్నారు. టీచరు కుర్చీ ఖాళీ.

"సైలెన్స్. మీ టీచరేరి?"

"గీడనే ఉన్న సర్." చివరి బెంచీలో పిల్లల మధ్యనుంచి ఒక అమ్మాయి లేచింది. "జెర్లిన్. సోమవారం జాయినైన. రైటింగ్ పీరియడ్ నడుస్తున్నది."

"రైటింగా? ఒక్కరి చేతిలోనూ పెన్ను లేదే."

"మాట్లాడినంక రాస్తరు. నోటికి రానిది చేతికెట్లొస్తది సర్?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. శశికిరణ్‌కి దానికి మంచి జవాబే తట్టింది. కాకపోతే అది తట్టేసరికి మళ్ళీ తన క్లాసులో ఉన్నాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకున్న తీరు మాటిమాటికీ గుర్తొచ్చి, ఆ రోజు పాఠం సగంలోనే ఆగిపోయింది.

నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో ఉన్న ఆ చిన్న స్కూల్లో వ్యాసానికి ఒకటే పద్ధతి. మాస్టారు గైడు చూసి చెబుతాడు, పిల్లలు రాసుకుని బట్టీ పడతారు. "నా విహారయాత్ర" అని ఇస్తే నలభైమందీ ఒకే బస్సెక్కి, ఒకే కిటికీ పక్కన కూర్చుని, ఒకే సూర్యోదయం చూసి వస్తారు.

జెర్లిన్ వచ్చీ రాగానే ఆ గైడు మూసేసింది. చెప్పాలనుకున్నది ముందు పక్కవాడికి చెప్పాలి. వాడు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. అప్పుడు కాగితం మీద పెట్టి, రాసింది మళ్ళీ వాడికే చదివి వినిపించాలి. తప్పుల సంగతి ఆఖరున, అదీ ఒక వారానికి ఒక రకం తప్పే. రెండు వాక్యాలకే చెయ్యి నొప్పి అనే సాయిసుధ ఇప్పుడు పేజీ నిండా రాస్తోంది. చాక్‌పీసుల వంకతో శశికిరణ్ ఆ తలుపు దగ్గర ఆగి ఇదంతా చూశాడు. అన్ని చాక్‌పీసులు ఏం చేసుకుంటున్నాడని అటెండరు కూడా అడిగాడు.

హెడ్మాస్టరు సోమయాజులు గారికి మాత్రం ఈ గోల నచ్చలేదు. "అమ్మాయ్, తల్లిదండ్రులు ఫీజులు కట్టేది కబుర్లకి కాదు. వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగు. వాళ్ళ ఎదురుగా నేనో టాపిక్ ఇస్తాను. పిల్లలు రాస్తే నీ పద్ధతీ ఉంటుంది, నువ్వూ ఉంటావు. లేదా, గైడు మళ్ళీ తెరుస్తాం" అని తేల్చేశారు.

జెర్లిన్‌ది టెంపరరీ పోస్టు. వాళ్ళ ఊరు మెదక్‌లో మిషన్ స్కూలు వాళ్ళు ఎప్పుడొస్తావని అడుగుతూనే ఉన్నారు. ఈ మాట స్టాఫ్‌రూములో చెవిన పడ్డ దగ్గర్నుంచి శశికిరణ్‌కి అన్నం సయించలేదు. ఎందుకని అడిగితే పిల్లల భవిష్యత్తు అన్నాడు. మనం నమ్మక్కర్లేదు.

సాయం చేద్దామనే అనుకున్నాడు పాపం. మీటింగుకి ఇంకా వారం ఉండగానే, శుక్రవారం పిల్లల రాతలు వరండా గోడకి అంటించాలి. "నేను చూసుకుంటాలెండి" అని ఆ కాగితాలన్నీ ఇంటికి పట్టుకెళ్ళి, తెలుగు మాస్టారికి చేతనైనంత అందంగా తిరగరాసి తెచ్చాడు. "మా అమ్మ పొద్దుగాల్ల లేసి సమోసలు చేస్తది" అన్నది కాస్తా "అరుణోదయ వేళ నా మాతృమూర్తి పాకశాలను ప్రవేశించును" అయి కూర్చుంది.

సాయిసుధ గోడ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. "టీచర్, నాది ఏది?"

ఆ మధ్యాహ్నం నైన్త్ బీలో పెన్ను ముట్టుకున్నవాళ్ళే లేరు. మనమెట్లా రాసినా సార్ మొత్తం మారుస్తడు, మనకు రాదు గావచ్చు అని గుసగుసలు.

జెర్లిన్ అరవలేదు. అరిచినా బాగుండేది. "చానా మంచిగ రాసిన్రు సర్. గని గా రాతలల్ల మా పిల్లలు లేరు" అంది. తర్వాత అతనితో మాట్లాడటం మానేసింది.

ఆదివారం ఆమె పిల్లల్ని అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి తీసుకెళ్తుందని విని, శశికిరణ్ పొద్దున్నే అక్కడ దిగాడు. సన్నగా తుంపర పడుతోంది. అమ్మేవాళ్ళు పుస్తకాల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుతున్నారు.

"సారీ చెబుదామని వచ్చానండీ."

"నాకెందుకు సర్? గాళ్ళకు చెప్పుండ్రి." ఆమె పుస్తకాల వైపు వెళ్ళిపోయింది.

చెప్పాడు. తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి, మీరు రాసింది మార్చే హక్కు నాకు లేదని చెప్పాడు. సాయిసుధ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. "అయితే మీరు గూడ చెయ్యాలె సార్. గీడ ఏం చూసిన్రో నాకు చెప్పుండ్రి."

శశికిరణ్ గొంతు సవరించుకున్నాడు. "అశేష జనవాహినితో అబిడ్స్ వీధులు కిటకిటలాడుచున్నవి."

"అశేష అంటే ఎందరు సార్? మీరు ఎవ్వర్ని చూసిన్రు?"

అతను మొదటిసారి నిజంగా చూశాడు. "ఒక పెద్దాయన పుస్తకాల మీద గొడుగు పట్టి తాను తడుస్తున్నాడు."

"ఇంక?"

"ఆయన దగ్గర ఒకమ్మాయి, కొనకుండా అక్కడే నిలబడి చదివేస్తోంది. జుట్టు తడిసిందని కూడా తెలీదు. చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి. ఇప్పుడేదో నచ్చినట్టుంది, తనలో తనే నవ్వుకుంది. ఆ నవ్వు చూస్తే మనకీ..."

అక్కడ ఆగిపోయాడు. పిల్లలందరూ అతని చూపు వెంబడే చూశారు. అక్కడున్నది జెర్లిన్.

"గిది మంచిగున్నది సార్," అంది సాయిసుధ చాలా గంభీరంగా. "గిది రాయుండ్రి."

సోమవారం నుంచి శశికిరణ్ ఖాళీ పీరియడ్లన్నీ నైన్త్ బీలోనే గడిచాయి. బెంచీలో కూర్చుని, పిల్లలు చెప్పేది వింటూ, తెలియనివి అడిగేవాడు. గురువారానికి పెన్నులు మళ్ళీ బయటికొచ్చాయి. జెర్లిన్ అతనితో ఒకటీ రెండూ మాటలు కలిపింది.

శనివారం హాలు నిండింది. సోమయాజులు గారు బోర్డు మీద "మా వీధిలో ఉదయం" అని రాశారు. పిల్లలు వెంటనే ఒకరివైపు ఒకరు తిరిగి మాటలు మొదలుపెట్టారు.

"పరీక్షల మాట్లాడుడేంది?" అన్నారెవరో వెనకనుంచి. సోమయాజులు గారు బల్ల మీద చరిచారు. "మాటల్లేవు. రాయండి."

హాలు చప్పబడిపోయింది. పిల్లలు తెల్లకాగితం వంక, ఆ తర్వాత టీచరు వంక చూశారు. జెర్లిన్ శశికిరణ్ వైపు చూసింది.

శశికిరణ్ లేచి నిలబడ్డాడు. "కాసేపు మాట్లాడనివ్వండి సార్."

"నువ్వా ఈ మాట అనేది? నీ క్లాసులో ఎంత నిశ్శబ్దంగా ఉంటారు?"

"నిశ్శబ్దంగా నేను చెప్పిందే రాస్తారు సార్. ఈవిడ క్లాసులో ఎవరిది వాళ్ళు రాస్తారు. ఇవాళ రాయలేకపోతే ఈవిడతో పాటు నేనూ వెళ్ళిపోతాను."

సోమయాజులు గారు అతన్ని ఎగాదిగా చూసి కుర్చీలో కూర్చున్నారు. "కానీయండి."

హాలు సంతలా మారింది. తర్వాత దానంతటదే సద్దుమణిగింది. ఆ తర్వాత వినపడింది పెన్నుల చప్పుడే.

మొదట సాయిసుధ చదివింది. "మా సందుల అందరికన్న ముందు లేసేది మా నాయన ఆటో. అది ఒక్కసారికి స్టార్ట్ కాదు. మస్తు గుంజంగ గుంజంగ అయితది. అప్పటికి సందంత లేస్తది. అందరు తిడ్తరు. మొన్న మా నాయనకు జరమొచ్చి ఆటో తియ్యలే. పక్కింటి అత్త వచ్చి, ఇయ్యాల మమ్ముల లేపలేదేంది, బీరన్నకు మంచిగున్నదా అని అడిగింది. తిట్టేటోళ్ళు గూడ మనోళ్ళేనని నాకు గప్పుడు తెల్సింది."

వెనక వరసలో సాయిసుధ నాన్న బీరయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆయన భుజం తట్టారు.

సోమయాజులు గారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఈ ఆటో ఏ గైడులోనూ లేదమ్మా," అన్నారు మెల్లగా. తర్వాత జెర్లిన్ వైపు తిరిగారు. "నీ పీరియడ్ ఉంటుంది. వారానికి ఇంకొకటి కలుపుతాను."

జనం వెళ్ళిపోయాక వరండాలో ఇద్దరే మిగిలారు. బయట వాన అందుకుంది.

"జెర్లిన్ గారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. మా అమ్మతో కూడా చెప్పేశాను."

"అమ్మ ఏమన్నది?"

"మొదట రెండ్రోజులు మాట్లాడలేదు. నిన్న రాత్రి అన్నం పెడుతూ, చర్చికెళ్ళే పిల్ల పులిహోర తింటుందా అని అడిగింది."

జెర్లిన్ ఈసారి నవ్వు ఆపుకోలేదు. "తింటది."

"మరి మెదక్?"

"బుధవారమే ఫోన్ చేసి రానని చెప్పిన."

"బుధవారమా? పరీక్ష ఇవాళ కదండీ. పిల్లలు రాయకపోతే ఇక్కడిదీ అక్కడిదీ రెండు ఉద్యోగాలూ పోయేవిగా?"

"పిల్లలు రాస్తరని నాకు ఎరుకే," అంది జెర్లిన్. "మీరు లేచి నిలబడ్తరో లేదో, గదొక్కటే ఎరుక లేకుండె."