స్ఫటికంలో నీటిబుడగ

"ఇది పోతే అంగారకుడి మీద మనం గుడ్డోళ్ళమే, అకీల్!"

భూపాలపల్లి గెస్ట్‌హౌస్‌లో గూఢచారి విభాగం చీఫ్ కళావతి చిన్న స్టీలు డబ్బా తెరిచింది. లోపల పసుపు చారల స్ఫటికం. కోట్ల ఏళ్ళ కింద ఎండిపోయిన ఆమ్లపు ఉప్పు సరస్సు అడుగున దొరికింది. అందులో చిక్కిన నీటిచుక్కలో సూక్ష్మజీవుల ఆనవాళ్ళున్నాయి. అంగారకుడి మీదా ఇవే ఖనిజాలు. అక్కడికి వెళ్ళే మన పరికరం జీవాన్ని గుర్తుపట్టడం నేర్చుకునేది దీన్ని చూసే.

"విదేశీ ముఠా ఒకటి దీన్ని మార్చి నకిలీ పెట్టాలని చూస్తున్నది. గుర్తుంచుకో, అసలైతే వంచినప్పుడు చుక్కలో బుడగ కదులుతది. జనగామ స్టేషన్ల మన సైంటిస్టుకు అప్పగించు. కోడ్, 'తొర్రూరు బస్సు పోయిందా?'"

అకీల్ పత్తి వ్యాపారి వేషం వేశాడు. భార్య వేషంలో పల్లవి. చూస్తే కళ్ళు తిప్పుకోలేని అందం. ఆరేళ్ళుగా అతని పార్ట్‌నర్. కొత్తగూడ అడవిలో అతనికి తూటా తగిలితే భుజాన మోసుకొచ్చిన మనిషి.

మహబూబాబాద్‌లో రైలెక్కారు. మొహం కడుక్కొని వచ్చేదాకా డబ్బా ఆమె చేతికిచ్చి, వచ్చాక తిరిగి తీసుకున్నాడు. జనగామ దగ్గరపడగానే పల్లవి లేచింది.

"డోర్ దగ్గర జర గాలికి నిలబడత."

అప్పగించే ముందు ఒకసారి సరిచూద్దామని అకీల్ వాచీలోని భూతద్దం కింద స్ఫటికం పెట్టి వంచాడు. బుడగ కదల్లేదు. మళ్ళీ వంచాడు. తన కళ్ళే తప్పు కావాలనుకున్నాడు.

రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద పల్లవి ఒక విదేశీ ఫొటోగ్రాఫర్‌కు టిఫిన్ డబ్బా అందిస్తోంది. వాడు పక్కన కదులుతున్న రైలు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. అకీల్ ఉరికి కెమెరా పట్టీ పట్టుకొని గుంజాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. టిఫిన్ డబ్బా ఊడి ఇడ్లీల మధ్య నుంచి అసలు స్ఫటికం బయటపడింది. అకీల్ దాన్ని అందుకొని వంచాడు. బుడగ కదిలింది.

అకీల్ సైగ చేయగానే, స్టేషన్‌లో కాపలా ఉన్న మఫ్టీ పోలీసులు పల్లవి చేతులకు బేడీలు వేశారు.

"ఎప్పటిసంది, పల్లవీ?"

"మొదటిసంది. కొత్తగూడల నిన్ను కాల్చింది మావోళ్ళే. నువ్వు నమ్మాలని మోసిన."



"తొర్రూరు బస్సు పోయిందా?" ఎవరో అడిగారు. అకీల్ వెనక్కి తిరిగి, నెరిసిన గడ్డం సైంటిస్టు చేతిలో స్ఫటికం పెట్టాడు.

ఫోన్‌లో కళావతి అంతా విన్నది. "ఇంకో పార్ట్‌నర్‌ను పంపాల్నా?"

"వద్దు మేడం. ఈ సూక్ష్మజీవులే నయం. కోట్ల ఏళ్ళు ఒక్క చుక్కల ఉన్నయి, ఎవ్వలికీ అమ్ముడుపోలే."