ఆర్‌ఎస్‌వీపీ పంపనివాళ్ళు

శనివారం పొద్దున్నే డాక్టర్ గోపీకృష్ణ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, చనిపోయిన తండ్రి జీవితాన్ని దిద్దుతున్నాడు. లాప్‌టాప్‌లో మొదటి స్లైడు మీద ‘రాఘవయ్య, స్కూల్ టీచర్’ అని ఉంది. దాన్ని కొట్టేసి ‘ప్రముఖ విద్యావేత్త’ అని టైపు చేశాడు. ‘వాలంటీర్’ అన్న మాటా నచ్చలేదు. అది పోయి ‘కమ్యూనిటీ లీడర్’ వచ్చింది. గోపీకృష్ణ పళ్ళ డాక్టరు. విన్నిపెగ్‌లో రెండు క్లినిక్కులున్నాయి. వంకర పళ్ళు సరిచేసే అలవాటు కన్నతండ్రి మీద కూడా చూపిస్తున్నాడన్నమాట.

తల్లి చాముండేశ్వరి కాఫీ తెచ్చి పక్కన పెట్టి, స్క్రీన్‌కేసి వంగి చూసింది.

“ఆ ఫోటో ఎందుకు తీసేశావురా? ఊళ్ళో హాల్లో తీసింది కదూ, నవ్వుతూ ఎంత బాగున్నారో.”

“ఏప్రన్ కట్టుకుని కాఫీ పోస్తున్నాడమ్మా! ఇవాళ వచ్చేవాళ్ళెవరో తెలుసా నీకు? డాక్టర్ తారక్ గారొస్తున్నారు. యూనివర్సిటీ ప్రొఫెసర్లొస్తున్నారు. వాళ్ళ ముందు నాన్నని సర్వర్‌లా చూపించమంటావా?”

“పోస్తే పోశారు. అదేమన్నా దొంగతనమా?”

“నీకు తెలీదులే, ఊరుకో” అని పెదవి విరిచాడు కొడుకు. తెలీకపోవడమేం, ఆ మనిషితో కాపురం చేసింది తనేనాయె. కానీ భర్త పోయాక కొడుకింటికి చేరిన మనిషి గట్టిగా మాట్లాడే ముందు కాస్త ఆలోచించుకుంటుంది. చాముండేశ్వరి కూడా ఆలోచించుకుంది.

రాఘవయ్య మాస్టారు కృష్ణా జిల్లా నుంచి బీయెడ్ పట్టా పట్టుకుని వయసులో ఉండగా కెనడా వచ్చాడు. విన్నిపెగ్‌కి పడమరగా గంటన్నర దూరంలో, గోధుమ చేల మధ్య ఉన్న చిన్న ఊరి స్కూల్లో లెక్కల టీచరుగా చేరాడు. అక్కడే రిటైరయ్యాడు. సిటీలోని తెలుగువాళ్ళు పెళ్ళిళ్ళలో ఎదురుపడి “ఇంకా ఆ పల్లెటూళ్ళోనే ఉన్నారా మాస్టారూ?” అని జాలిపడేవారు. బేస్‌మెంటు కూడా పూర్తికాని ఇళ్ళకి జీవితాంతం అప్పు కట్టేవాళ్ళు సొంత ఇల్లున్న మనిషి మీద జాలిపడేవారు! ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

స్కూలయ్యాక ఇంట్లో ఉండేవాడా అంటే, అదీ లేదు. పిల్లలు స్కేటింగ్ చేసే రింకు మీద మంచు తోసేవాడు. కళ్ళు కనపడని ముసలాళ్ళని కార్లో సిటీ ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. ఊళ్ళో ఎవరైనా పోతే, అంత్యక్రియల తర్వాత కమ్యూనిటీ హాల్లో పెట్టే లంచ్‌కి కుర్చీలు వేసేది, కాఫీ కాచేది, చివర్న కప్పులు కడిగేది ఈయనే. గోపీకృష్ణకి ఒళ్ళు మండేది అక్కడే. చిన్నప్పుడు సిటీలో తన చెస్ పోటీ ఉన్న శనివారం కూడా నాన్న ఎవరిదో చావు భోజనంలో కప్పులు కడుగుతూ ఉండిపోయాడు. అమ్మ డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. ఆ కోపం వయసుతో పాటు చదువుకుని, డిగ్రీలు సంపాదించుకుని, చివరికి ఏవగింపుగా మారింది. పార్టీల్లో ఫ్రెండ్స్‌తో “మా ఫాదర్ ఊరందరికీ వెట్టిచాకిరీ చేసేవాడు, జీతం మాత్రం స్కూలిచ్చేది” అని జోకులేసేవాడు.

ఫిబ్రవరిలో మాస్టారు విన్నిపెగ్ ఆస్పత్రిలో పోయాడు. మంచు తుపానుకి హైవే మూసేశారు. ఆ ఊరివాళ్ళెవరూ దహనానికి రాలేకపోయారు. గోపీకృష్ణ కంట్లోంచి చుక్క రాలలేదు. అందరూ “ఎంత స్ట్రాంగో!” అని మెచ్చుకున్నారు. మెచ్చుకోలంటే మనవాడికి ప్రాణం కాబట్టి ఇప్పటిదాకా స్ట్రాంగ్‌గానే ఉన్నాడు. ఇవాళ సంస్మరణ సభ, తర్వాత భోజనాలు.

“ఆ ఊరివాళ్ళకి చెప్పావా?” చాముండేశ్వరి మెల్లిగా అడిగింది. పొద్దుట్నించి ఆవిడ గొంతులో అడ్డం పడి ఉన్న ప్రశ్న అదొక్కటే.

“భేషుగ్గా చెప్పా. స్కూల్‌కీ టౌన్ ఆఫీసుకీ మెయిల్ పంపా. వచ్చేదీ రానిదీ చెప్పడానికి ఆర్‌ఎస్‌వీపీ లింకు కూడా పెట్టా. ఎంతమంది రిప్లై ఇచ్చారో తెలుసా? సున్నా! ఒక్కడంటే ఒక్కడు బటన్ నొక్కలేదు. జన్మంతా వాళ్ళ కప్పులు కడిగినందుకు నాన్నకి దక్కింది అదీ!”

“ఒక్కరు కూడానా?”

“పోనీలెండి అత్తయ్యా” అంది కోడలు మధుమిత, చీరకి మ్యాచింగ్ నెక్లెస్ వెతుక్కుంటూ. “వచ్చినా మనకే ఇబ్బంది. హామ్ శాండ్‌విచ్‌లు మోసుకొస్తారు. ఇది శుద్ధ వెజిటేరియన్ ఫంక్షను.”

చాముండేశ్వరి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. కొడుకు మాటలకి కాదు. అవి అలవాటే. ఆయన అంతమంది కోసం అన్నేళ్ళు పడ్డ పాటు ఎవరికీ పట్టలేదా, ఒక్క మనిషికి కూడా గుర్తులేదా అని.

సభ పదకొండింటికి మొదలైంది. సిటీలో అద్దెకి తీసుకున్న హాల్లో ముందు వరస కుర్చీల మీద పెద్దల పేర్లతో కార్డులు పెట్టారు. తలుపు దగ్గర మనవరాలు సాత్విక టాబ్లెట్ పట్టుకుని వచ్చినవాళ్ళ పేర్లు టిక్ పెడుతోంది. తెలుగు అసోసియేషన్ మాజీ ప్రెసిడెంటు డాక్టర్ తారక్ గారు మైకందుకున్నారు. ఆయన మాస్టారిని చూసింది ఏదో పెళ్ళిలో, అదీ బఫే లైన్లో. అయినా ఆ మహానుభావుడికి అదేం అడ్డమా! విద్యావేత్త లక్షణాల మీద మొదలుపెట్టి, తన బాల్యం మీదుగా, తను కట్టించిన గుడి గోపురం దాకా వెళ్ళిపోయారు. మాస్టారు దారిలో ఎక్కడో దిగిపోయాడు. జనం ఫోన్లు చూసుకుంటూ భక్తిగా చప్పట్లు కొట్టారు.

అప్పుడే సాత్విక తండ్రి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“డాడ్, లాట్ ఆఫ్ పీపుల్ అవుట్‌సైడ్. దే ఆర్ నాట్ ఆన్ ది లిస్ట్.”

గోపీకృష్ణ బయటికొచ్చి చూసి ఠారెత్తిపోయాడు. పార్కింగ్ నిండా బురద కొట్టుకున్న పికప్ ట్రక్కులు. వాటి వెనకాల పసుపుపచ్చ స్కూల్ బస్సు. బస్సులోంచి ముసలాళ్ళు కర్రలు ఊతం చేసుకుని దిగుతున్నారు. ఉతికిన జీన్సులు, పాత కోట్లు, ప్రతి చేతిలోనూ ఫాయిల్ కప్పిన ట్రే. అందరికంటే ముందు ఓల్గా ఉంది. ఆ ఊరి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషే, మనకి కావలసింది సంగతి కాబట్టి తెలుగులోనే చెప్పుకుందాం.

“గోపీ! ఎంత పెద్దవాడివైపోయావు!” అంది ఓల్గా.

“మీరు ఆర్‌ఎస్‌వీపీ పంపలేదు” అన్నాడు గోపీకృష్ణ.

ఓల్గాకి అర్థం కాలేదు. వెనకున్న వాల్టర్ అనే రైతు మొహం చూసింది. అతనూ భుజాలెగరేశాడు.

“చావుకి ఆర్‌ఎస్‌వీపీ ఏంటి బాబూ? మీ మెయిల్ ప్రింట్ తీసి షాపు తలుపుకి అంటించాం. అందరూ చూశారు. వచ్చేశాం” అంది ఓల్గా.

వాళ్ళ పద్ధతి అదే. చావుకి ఎవరూ ఎవర్నీ పిలవరు, వస్తున్నామని ఎవరూ చెప్పరు. తలుపు మీద కాగితం చూసి, ట్రే పట్టుకుని వెళ్ళిపోతారు. గోపీకృష్ణ ఆ ఊళ్ళోనే పెరిగాడు. ఆ పద్ధతి మరిచిపోయాడు, లేకపోతే మరిచిపోవడమే హోదా అనుకున్నాడు.

“చూడండి, లోపల సీట్లు లెక్కగా వేయించాం. ప్లేట్లు కూడా అంతే. కావాలంటే వెనక నిలబడొచ్చు. కానీ ఆ ట్రేలు మాత్రం ట్రక్కుల్లో పెట్టేసి రండి. ఇది మాకు పవిత్రమైన కార్యక్రమం. మాంసం లోపలికి రాకూడదు.”

ఓల్గా మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. ఈలోగా చాముండేశ్వరి తలుపు తీసుకుని వచ్చింది. మెట్ల కింద నిలబడ్డ జనాన్ని చూసి, ఆవిడ గుమ్మం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

గోపీకృష్ణ తెలుగులోకి మారాడు. వాళ్ళకి తెలీదనే ధైర్యం. “పిలవని పేరంటమమ్మా! హాములూ గుడ్లూ మోసుకుని ఊరు ఊరంతా దిగబడింది. ఆ మొహాలూ వాళ్ళూ! తారక్ గారు చూస్తే నాన్న పరువు గంగలో కలుస్తుంది.”

చాముండేశ్వరి మెట్లు దిగి ఓల్గా చేతిలోని ట్రే మీద ఫాయిల్ ఎత్తింది. తెల్ల బ్రెడ్డు మధ్య చీజు, దోసకాయ ముక్కలు. వాల్టర్ ట్రే ఎత్తింది. అందులోనూ అవే. ఆ పక్కావిడ ట్రేలోనూ చీజూ దోసకాయే. ఊరు ఊరంతా ఒక్కటే వంట చేసుకొచ్చింది.

“అన్నీ ఇవే” అంది ఓల్గా. “ఎవరి లంచ్‌లోనైనా రాఘవ్ తినేది ఇదొక్కటే కదా, ఆయనకని ఒక ప్లేటు విడిగా చేసేవాళ్ళం. ఇవాళ లంచ్ ఆయనది. ఇంకోటి ఎందుకు చేస్తాం? కేకుల్లో కూడా గుడ్డు వెయ్యలేదు. సరిగ్గా పొంగలేదు, ఏమనుకోకు.”

చాముండేశ్వరి ఆ అణిగిపోయిన కేకుల్ని చూసి భోరుమంది. ఓల్గా ట్రే పక్కకిచ్చి ఆవిడని కావిలించుకుంది. ఏడుపు కాస్త తెరిపిన పడ్డాక చాముండేశ్వరి కొడుకు వైపు తిరిగింది.

“సున్నా అన్నావు కదరా పొద్దున? కళ్ళు తెరిచి చూడు! బటన్ నొక్కినవాళ్ళు లోపల ఫోన్లు నొక్కుకుంటున్నారు. వీళ్ళు ఆయన ఏం తింటారో గుర్తుపెట్టుకుని వచ్చారు. వీళ్ళ మొహాలు చూస్తే పరువు పోతుందా నీకు? ఇన్నాళ్ళూ మీ నాన్నని నువ్వు తీసిపారేస్తుంటే నోరు మూసుకున్నాను. ఇవాళ వీళ్ళు లోపలికి రాకపోతే నేనూ రాను. ఆ బస్సెక్కి వెళ్ళిపోతా.”

“అమ్మా, మెల్లిగా...”

“ఎందుకు మెల్లిగా? తప్పుకో!”

గోపీకృష్ణ తప్పుకున్నాడు. ఊరంతా లోపలికొచ్చింది. తారక్ గారి ప్రసంగం గోపురం దగ్గరే ఆగిపోయింది. కుర్చీలు చాలవని మధుమిత కంగారుపడే లోపే రైతులు స్టోర్ రూము తెరిచి మడత కుర్చీలు వేసేశారు. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని కిచెన్లోకి నడిచారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

గోపీకృష్ణకి తల కొట్టేసినట్టయింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భోజనాల దగ్గర కొడుకు కొసరి వడ్డించాలి కదా, కనీసం అదైనా చేద్దామని ఒక ట్రే అందుకున్నాడు. వెంటనే వాల్టర్ వచ్చి ట్రే లాక్కున్నాడు. భుజాల మీద రెండు చేతులూ వేసి బలవంతంగా కుర్చీలో కూలేశాడు.

“కూర్చో. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు పని ముట్టుకోకూడదు. మా దగ్గర అది రూలు.”

“ఫర్వాలేదు, నేను చేస్తా...”

“మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే కప్పులు కడగబోయాను. మీ నాన్న కూర్చోబెట్టాడు. ‘కప్పులు నేను కడుగుతా, నువ్వు ఏడువు’ అన్నాడు. ఆ మాట అనేదాకా నాకు ఏడుపు రాలేదు.”

గోపీకృష్ణ కిచెన్ సింకు వైపు చూశాడు. ఆ శనివారాలన్నీ నాన్న సింకు దగ్గర నిలబడింది ఇందుకా? కాఫీ పోసే మనిషి అనుకుని తను సిగ్గుపడ్డాడే, ఆయన ఊళ్ళో ఒక్కొక్క కొడుకునీ ఇలా కూర్చోబెడుతున్నాడా? వాల్టర్ ప్లేటులో రెండు శాండ్‌విచ్‌లు పెట్టి చేతికిచ్చాడు. మొదటి ముక్క కొరికి మింగలేక, ప్రముఖులందరూ చూస్తుండగా, పళ్ళ డాక్టరు గారు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

“అయ్యో, ఊరుకోండి డాక్టరు గారూ, మీరే ఇలా అయిపోతే ఎలా? స్ట్రాంగ్‌గా ఉండాలి” అంటూ తారక్ గారు హడావుడిగా వచ్చారు.

చాముండేశ్వరి కొడుకు పక్కన కూర్చుని వాడి తల తన భుజానికి ఆనించుకుంది.

“వాణ్ణి ఏడవనివ్వండి” అంది. “మీరు వెళ్ళి కప్పులు కడగండి.”

తారక్ గారు చుట్టూ చూశారు. ఎవరూ ఆయన తరఫున మాట్లాడలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, కిచెన్ వైపు నడిచారు. గోపీకృష్ణ తల్లి భుజం మీద “నాన్నా, నాన్నా” అంటూ కరువుతీరా ఏడ్చాడు.