ఆకుపచ్చ చుక్క

మధ్యాహ్నం బెల్ కొట్టేసరికి ట్యాబ్ మళ్లీ పొడుగమ్మాయి చేతిలోనే ఉంది. అది చూసి మిరపకాయకు ఒళ్లు మండింది. ముక్కు మీద కోపమని క్లాసంతా కలిసి ఆ పిల్లకు పెట్టిన పేరది.

ట్యాబ్ ఇచ్చింది తల్లిదండ్రుల సంఘం వాళ్లు. బడిలో ఏది పాడైనా పిల్లలు ఫొటో తీసి పంపాలి. సంఘం వెబ్‌సైట్‌లో ఆ బడి పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. ఊరంతా చూస్తుంది, అధికారులూ చూస్తారు. బాగుచేశాక పిల్లలే 'బాగైంది' అని నొక్కితే చుక్క పచ్చబడుతుంది. అక్కడ పెద్దల మాట చెల్లదు.

అమ్మాయిల టాయిలెట్ తలుపుకు గడియ లేదని పొడుగమ్మాయి ఫొటో పంపింది. రేపు వడ్రంగి వస్తాడట. టీచర్ అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

"గడియ ఊడిందని ముందు చెప్పింది నేను. పేరేమో దానికా!" అని మిరపకాయ లోలోపల కుతకుతలాడింది.

పొడుగమ్మాయి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ట్యాబ్ బెంచీ మీదే ఉంది. మిరపకాయ అటూ ఇటూ చూసి 'బాగైంది' నొక్కేసింది. చుక్క పచ్చబడింది. కడుపులో మంట కాస్త చల్లారింది.

మర్నాడు వడ్రంగి రాలేదు. టీచర్ సంఘంలో ఈ పనులు చూసే అక్కకు ఫోన్ చేసింది.

"బాగైందని మీ పిల్లలే పెట్టారు కదండీ! అందుకే వడ్రంగిని ఇంకో బడికి పంపేశారు," అంది అక్క.

"చూసుకోకుండా ఎలా నొక్కావమ్మా?" అని టీచర్ పొడుగమ్మాయిని అడిగింది.

"నేను నొక్కలేదు టీచర్," అంటూ ఆ పిల్ల ఏడ్చేసింది. ఎవరూ నమ్మలేదు. మిరపకాయ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఇంటర్వెల్‌లో ఒకటో తరగతి పాప వచ్చి మిరపకాయ చేయి లాగింది.

"అక్కా, తలుపు పట్టుకోవా? నిన్న ఎవరో తోసేశారు. అందరూ నవ్వారు. ఇవాళ నీళ్లే తాగలేదు, అయినా వస్తోంది."

మిరపకాయ తలుపు పట్టుకుని నిలబడింది. "ఉన్నావా అక్కా? వెళ్లిపోకేం," అని పాప లోపల్నుంచి అడుగుతూనే ఉంది. మిరపకాయ తలుపును ఇంకా గట్టిగా పట్టుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

తిరిగొచ్చి నేరుగా టీచర్ ముందు నిలబడింది.

"నొక్కింది నేను టీచర్. తనకు పేరొచ్చిందని ఓర్చుకోలేకపోయాను."

క్లాసంతా ఆమె వైపు తిరిగింది. టీచర్ ట్యాబ్ తీసి ఆమె చేతికిచ్చింది. మిరపకాయ వెళ్లి ఆ తలుపును మళ్లీ ఫొటో తీసింది. కింద ఇలా రాసింది: "బాగైందని అబద్ధం పెట్టింది నేను. గడియ లేదు. చిన్నపిల్లలు భయపడుతున్నారు. తొందరగా రండి."

ఇన్నాళ్లూ ఆశపడిన ట్యాబ్ ఇప్పుడు తన చేతిలో ఉంది. వదలబుద్ధి కాలేదు. అయినా తీసుకెళ్లి పొడుగమ్మాయి ముందు పెట్టింది.

"నువ్వే పంపు."

"నీతో మాట్లాడను," అంది పొడుగమ్మాయి. కానీ 'పంపు' నొక్కింది.

వడ్రంగి వచ్చేదాకా ప్రతి ఇంటర్వెల్‌లోనూ మిరపకాయ ఆ తలుపు పట్టుకునే నిలబడింది.