మత్తయ్య బండికి కట్టిన సైకిల్

"ఈ సైకిల్ ఎవరిదయ్యా? బయటికి రాకుంటె గొడ్డలి తెస్తున్న!"

వాగు ఒడ్డున కూర్చొని గడ్డం గీసుకుంటున్న బాల్‌రాజ్ చెవిన 'సైకిల్', 'గొడ్డలి' అనే రెండు మాటలూ ఒక్కసారే పడ్డాయి. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నిండా సబ్బు నురగతో, చంకలో ఒక తోలు సీటు ఇరికించుకొని చెట్ల మధ్య నుంచి పరుగు తీశాడు.

"నాదే! నాదే! గొడ్డలొద్దు!"

నిజాం రాజ్యం పోయి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ, ధారూర్ అడవిలో వాగు పక్కన క్రైస్తవుల జాతర జరుగుతోంది. చుట్టుపక్కల ఊళ్ల జనం ఎడ్ల బండ్లలో వచ్చి, చెట్ల కింద గుడారాలు వేసుకొని, అక్కడే వండుకు తింటూ, ప్రార్థనలు చేసుకుంటూ, పాటలు పాడుకుంటూ రోజుల తరబడి ఉండిపోతారు. బాల్‌రాజ్ తాండూరు బండల గనిలో సూపర్‌వైజరు. తల్లి శాంతవ్వను చుట్టాల బండిలో పంపించి, తాను మాత్రం కొత్త ర్యాలీ సైకిల్ మీద వచ్చాడు. ఆకుపచ్చ రంగు, డైనమో లైటు, నొక్కితే పిట్ట కూసినట్టు మోగే బెల్లు. రెండేళ్లు కడుపు కట్టుకొని కొన్న సైకిల్ అది.

ఇప్పుడా సైకిల్ ఎవరిదో బండి చక్రానికి ఇనుప గొలుసుతో కట్టేసి ఉంది. గొలుసుకు కొబ్బరికాయంత తాళం. దాని పక్కన నడుముకు కొంగు బిగించి ఒక అమ్మాయి నిలబడి ఉంది. అతన్ని చూసి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. నవ్వితే గెలుపు తగ్గిపోతుందనుకుందేమో, మళ్లీ గొంతు పెంచింది.

"మా బండి చక్రానికి ఎందుకు కట్టినవ్?"

"చెట్టుకు కడితె కొమ్మ నరికి ఎత్కపోతరంట. బండైతె బరువుంటది గదా అని..."

"బండి నడుస్తదని తెల్వదా? మరి చక్రాలెందుకున్నయనుకున్నవ్?"

బాల్‌రాజ్ వంగి బండి చక్రాల వైపు చూశాడు.

"సీటెందుకు ఊడబీకినవ్?"

"సీటు లేకుంటె దొంగ ఎక్కి తొక్కలేడు."

"అందుకని చంకల పెట్టుకొని తిరుగుతున్నవా? ప్రార్థన కాడికి గూడ గిట్లనే పోతవా?"

"నిన్న పోయిన," అన్నాడు బాల్‌రాజ్ నిజాయితీగా.

ఎడ్ల పగ్గాలు పట్టుకొని నిలబడ్డ పెద్దమనిషి ఫక్కున నవ్వాడు. ఆయన మత్తయ్య, ఆ అమ్మాయి తండ్రి. కోపం రావడానికి చాలాసేపు పట్టే మనిషి. ఆ కొరత కూతురు మార్త తీరుస్తుంది. వికారాబాద్ పక్క ఊరి బడిలో పంతులమ్మ కాబట్టి గదమాయించడం ఆమెకు వృత్తిలో భాగం కూడా.

అంతలో దూరాన రైలు కూత వినిపించింది. మార్త ముఖం మారిపోయింది.

"అయిపాయె! రైలొచ్చె. మా అవ్వ దిగుతుంటది. మోకాళ్ల నొప్పులు, బండిల ఇంత దూరం కూసోలేదని రైలెక్కిచ్చినం. ఇగ మేం ఎడ్లు కట్టుకొని పోయేదాకా ఆ ముసల్ది స్టేషన్ల ఒక్కతే కూసోవాలె. అంత నీ వల్లనే!"

బాల్‌రాజ్ మెడలోని నల్లదారం లాగి తాళంచెవి బయటికి తీశాడు. తాళం ఒక పట్టాన రాలేదు. వచ్చాక సీటు బిగిస్తూ, "నేను పోయి తోల్కొస్త," అన్నాడు. "మీ అవ్వ సైకిల్ ఎక్కుతదా?"

"ఆమెకు మస్తు ధైర్యం. నీకే లేనట్టున్నది."

కాసేపటికి జాతర జనమంతా ఒక వింత చూశారు. ఒక చెంప మీద ఎండిపోయిన సబ్బుతో ఒక పిల్లగాడు సైకిల్ తొక్కుతున్నాడు. వెనక క్యారియర్ మీద తెల్లచీర ముసలమ్మ అతని నడుం గట్టిగా పట్టుకొని, "జరగుండ్రి! జర జరగుండ్రి!" అని కేకలేస్తోంది.

దిగీ దిగగానే ఆ ముసలమ్మ, మార్త నాయనమ్మ నాగవ్వ, కొడుకుతో, "ఇగ నాకు నీ ఎద్దుల బండి వద్దుర మత్తయ్య," అని చెప్పింది. తర్వాత బాల్‌రాజ్ గడ్డం పట్టుకొని, "మొఖం కడుక్కో నాయనా. గా సబ్బేందని తొవ్వ పొడుగూత అడుగుదామనుకున్న, నువ్వు బెదిరి సైకిల్ పడేస్తవేమోనని ఊకున్న," అంది.

మార్త ఇక ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు చూస్తూ బాల్‌రాజ్ మొదటిసారి సైకిల్‌కు స్టాండు వేయడం మరిచిపోయాడు. అది పక్కకు ఒరుగుతుంటే మార్తే పట్టుకుంది.

ఆ రోజు నుంచి సైకిల్ మకాం మత్తయ్య బండి పక్కనే అయింది. నాగవ్వే పట్టుబట్టింది. "నేను పొద్దంత గీడనే కూసుంట. నా కండ్ల ముంగట ఉంటె కాకి గూడ వాలదు," అని. మార్త ఒక ఎద్దు మెడలోని గంట విప్పి తెచ్చి వెనక చక్రానికి కట్టింది. "ఎవడన్న ముట్టుకుంటె ఊరంత వినపడుతది. ఇగ సీటును కన్నబిడ్డ లెక్క మోయకు, సైకిల్ సారూ!"

సైకిల్ సారు సీటు మోయడం మానేశాడు గానీ, సైకిల్‌ను చూసి పోయే పని మాత్రం పెంచాడు. పొద్దున గాలి కొట్టడానికి వచ్చేవాడు. ఎండెక్కితే చైన్‌కు నూనె వేయడానికి. పొద్దు వాలితే దుమ్ము తుడవడానికి. వచ్చినప్పుడల్లా మార్త బియ్యం ఏరుతూనో, పిల్లలకు పాట నేర్పుతూనో ఓరకంట చూసేది. చూసి దొరికిపోతే, "గంట ఊడిందేమో అని చూసిన," అనేది.

"దానికి గన్నిసార్లు గాలి కొడితె పగిలిపోతది కొడుకా," అంది శాంతవ్వ ఒకరోజు గుడారంలో, నవ్వు దాచుకుంటూ.

మూడోనాడు ప్రార్థన పందిరి ఒకవైపు కుంగితే మగవాళ్లందరినీ సాయానికి పిలిచారు. బాల్‌రాజ్ వెళ్తూ వెళ్తూ మార్త దగ్గర ఆగి, మెడలోంచి నల్లదారం తీశాడు.

"పనిల ఎక్కడన్న పడిపోతది. నీ దగ్గర పెట్టు."

"మెడల ఉన్నది తీసి నాకిస్తున్నవా?" అంది మార్త మామూలుగా. అన్నాక గానీ ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తట్టలేదు. చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవి లాక్కున్నట్టు తీసుకొని బండి చాటుకు వెళ్లిపోయింది.

బాల్‌రాజ్ ఆ పూట గుంజలను దూదిపింజల్లా మోశాడు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి సన్నగా వాన మొదలైంది. కాలం కాని వాన. బండి పక్కన గొలుసు చుట్టగా పడి ఉంది. గంట విప్పి బండిలో పెట్టి ఉంది. సైకిల్ లేదు.

మార్త లేచి నిలబడి సూటిగా చెప్పింది. "నేనే ఇచ్చిన."

"ఎవరికి?"

"వాగవతలి పల్లె మనిషంట. పేరు కిష్టప్ప అన్నడు. పెండ్లాం నొప్పులతోని పరేషాన్ అయితున్నది, బిడ్డ అడ్డం తిరిగిందంట. వికారాబాద్ దవాఖానల నర్సమ్మను పిలువనీకె పోతున్న అన్నడు. పొద్దుగాల ఇచ్చిన, ఇంక రాలేదు."

"పేరు తప్ప ఏం తెల్వని మనిషికా?"

పక్క గుడారంలోంచి ఎవరో, "దొంగలు గట్లనే చెప్తరు తమ్మీ. నిన్న తాండూరు సంతల గూడ గిట్లనే అయ్యిందంట," అన్నారు.

బాల్‌రాజ్ గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. "నమ్మి తాళమిచ్చిన జూడు, నా అంత పిచ్చోడు ఉండడు!" అనేశాడు.

నాగవ్వ ఏదో చెప్పబోయింది. మార్త చేత్తో ఆపింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు, రానివ్వలేదు. "ఇచ్చింది నేను. తెచ్చేది గూడ నేనే," అని గోనెసంచి నెత్తిన కప్పుకొని వికారాబాద్ బాట పట్టింది. వాగు నుంచి కడవతో వస్తున్న మత్తయ్య విషయం తెలుసుకొనేలోగా చెట్లలో కలిసిపోయింది.

శాంతవ్వ వచ్చి కొడుకు రెక్క పట్టుకొని ఊపింది. "సైకిల్ పోతె మళ్ల కొంటవ్. గా పిల్ల వానల ఒక్కతే పోతున్నది. నీకు కండ్లు లేవా?"

బాట మలుపు దగ్గర అతను ఆమెను కలుసుకున్నాడు. ఇద్దరూ కొంతదూరం నడిచారు. వాన ఆకుల మీద తోచినట్టు మాట్లాడుతోంది.

"తప్పు మాటన్న," అన్నాడు చివరికి.

"తప్పేంది? నీ సొమ్ము."

"సొమ్మని కాదు మార్త. మా నాయనకు పాత సైకిల్ ఒకటుండె. మా ఊర్ల దొర ఉండే గడి ముంగట మావోళ్లు సైకిల్ ఎక్కి పోవద్దు. దిగి, తల వంచి, నడిపిచ్చుకుంట పోవాలె. ఒకనాడు జ్వరంతోని దిగలేక అట్లనే పోయిండు. సైకిల్‌ను బండకేసి పగలగొట్టిచ్చిండ్రు. ఆయన మళ్ల కొనలే. నేను కొన్ననాడు మా ఊరికి పోయి, గా గడి ముంగట బెల్లు కొట్టుకుంట మూడుసార్లు తిరిగిన. చూడనీకె నాయన లేడు."

మార్త నడక ఆగింది. గోనెసంచి కొస కొంచెం జరిపి అతని తల మీదికి కూడా పట్టింది.

"నాకు గిదంత తెల్వదు," అంది మెల్లగా. "ఆ మనిషి కాళ్లకు చెప్పులు లేవు. ఉరికి ఉరికి నెత్తురు కారుతుండె. తాళం నా చేతిల ఉండె. నిన్ను అడిగొచ్చే టైమ్ లేకుండె. తెలిసినా ఇచ్చేదాన్నే. నీకు కోపమొస్తదని ఏడ్చి మరీ ఇచ్చేదాన్ని."

"నేనున్నా ఇచ్చెటోన్నే. కాకుంటె పది మాటలు అడిగి ఇచ్చెటోన్ని. నువ్వు అడగకుండ ఇచ్చినవ్."

వాళ్ల నడక తేలికైంది. ఇంకొంచెం దూరం పోయాక ఎదురుగా వానలో ఏదో విచిత్రమైన ఆకారం వస్తూ కనిపించింది. మనిషి కాళ్లు, పైన రెండు చక్రాలు. దగ్గరికి వచ్చాక తెలిసింది, ఒక మనిషి సైకిల్‌ను భుజాన మోసుకుంటూ వస్తున్నాడు.

"కిష్టప్పా!" అని అరిచింది మార్త.

అతను సైకిల్ దించి, రొప్పుతూ చేతులు జోడించాడు. "ఆలిశమైంది తల్లీ. వచ్చేటప్పుడు ముల్లు దిగి టైరు పంచరైంది. గాలి లేకుండ నడిపిస్తె రింగు వంగుతదన్నరు. అందుకే ఎత్తుకొచ్చిన."

"నర్సమ్మ?"

"దవాఖాన జీపుల ఎప్పుడో పోయిందమ్మా. నన్ను గూడ ఎక్కమన్నరు. పరాయి సొమ్ము నడితొవ్వల ఇడిసి ఎట్లెక్కుత?"

"అంటె ఇంట్ల ఏమైందో నీకింక తెల్వదా?" అన్నాడు బాల్‌రాజ్.

కిష్టప్ప తల అడ్డంగా ఊపాడు.

బాల్‌రాజ్ అతని భుజం తట్టాడు. "ఉరుకు అన్నా, ఉరుకు! సైకిల్ ఫికర్ వద్దు!" కిష్టప్ప చెట్లకడ్డంబడి పరుగెత్తాడు. చెప్పుల్లేని ఆ కాళ్లనే చూస్తూ ఇద్దరూ చాలాసేపు నిలబడిపోయారు.

తర్వాత బాల్‌రాజ్ సైకిల్‌ను భుజాన ఎత్తుకున్నాడు. మార్త తాళంచెవి చాపింది.

"నీ దగ్గరనే ఉండనీ," అన్నాడు.

"ఎన్నొద్దులు?"

"నేను ముసలోన్నై, సైకిల్ ఎక్కలేకపోయేదాక."

"అప్పుడు నేను గూడ ముసల్దాన్నే గదా?"

"అదే అంటున్న."

మార్త తాళంచెవి కొంగున ముడివేసుకుంది. సైకిల్ బరువు పంచుకున్నట్టు క్యారియర్ కింద చెయ్యి వేసి నడిచింది. నిజానికి దానివల్ల బరువేమీ తగ్గలేదు. బాల్‌రాజ్ ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు పొద్దున కిష్టప్ప వచ్చాడు. కోతకొచ్చిన సొరకాయలు రెండు చంకలో, నవ్వు ముఖం నిండా. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. చుట్టుపక్కల గుడారాల వాళ్లంతా గుమిగూడారు. నిన్న దొంగ అన్న గొంతు ఇవాళ అందరికన్నా ముందు దేవునికి స్తోత్రం చెప్పింది.

కిష్టప్ప పోయాక శాంతవ్వ మత్తయ్య బండి దగ్గరే ఆగిపోయింది. నాగవ్వ పక్కన కూర్చొని కొంగు సర్దుకుంది. బాల్‌రాజ్ టైరుకు అతుకు వేస్తున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టాడు.

"అన్నా, తిరుగుడు మాటలు నాకు రావు," అంది శాంతవ్వ మత్తయ్యతో. "నిన్న ఇద్దరు వానల పోయిండ్రు. నలుగురు చూసిండ్రు. నలుగురి కోసం అడుగుతలేను. నా కొడుకు నిన్నటి సంది అన్నం ముంగట కూసొని నవ్వుతున్నడు, అందుకు అడుగుతున్న. నీ బిడ్డను మాకిస్తవా?"

మత్తయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "ఇస్త అననీకె అదేమన్న మా ఎద్దా చెల్లే? నా మాట ఎప్పుడు విన్నది గనుక? దాన్నే అడుగు."

"పిల్లగాని నడుం గట్టిగున్నది, నేను పట్టుకొని చూసిన," అంది నాగవ్వ. అందరూ నవ్వారు. బాల్‌రాజ్ చేతిలోని జిగురు వేలికి అంటుకుంది.

శాంతవ్వ మార్తను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది. "చూడు బిడ్డ, ముందే చెప్తున్న. వీడు మొండోడు. సైకిల్ అంటె పిచ్చి. కోపమొస్తె మాట తూలుతడు, ఎనుక ఏడుస్తడు. ఓర్చుకుంటవా?"

మార్త తల వంచుకోలేదు. బాల్‌రాజ్ వైపు ఒకసారి చూసి, తడుముకోకుండా చెప్పింది.

"ఓర్చుకోను అత్తమ్మా. కొట్లాడుత."

అత్తమ్మ అన్నానని ఆమెకు తెలిసేలోపే శాంతవ్వ ఆమెను రెండు చేతులతో పొదువుకొని గుండెకు హత్తుకుంది.